ఠాణా గడప దాటినా పౌరులమే: ముఖ్యమంత్రికి చిక్కడపల్లి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,



హోంశాఖ కూడా మీ దగ్గరే ఉంది గనుక ఈ లేఖ మీకే రాస్తున్నాను. నేను చిక్కడపల్లిలో ఉంటాను. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. పోలీసులు తీసుకెళ్లిన మనిషిని వెతుక్కుంటూ వచ్చే తల్లిదండ్రులతో, భార్యాబిడ్డలతో మాట్లాడటం నా వృత్తిలో భాగం. వాళ్లందరి తరఫున అడిగేది ఒక్కటే. పోలీస్ స్టేషన్ లోపల ఏం జరుగుతోందో పోలీసులు కానివాళ్లు చూడగలిగే ఏర్పాటు చట్టబద్ధంగా చేయండి. పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశం. నేనడిగే వాటిలో చాలా వాటికి ఢిల్లీ వైపు చూడాల్సిన పనే లేదు.

పోలీసుల చేతిలో పడటమంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 డిసెంబర్ 4న, పోలింగ్‌కు మూడు రోజుల ముందు, ఇంకా తెల్లవారకముందే పోలీసులు కొడంగల్‌లో మీ ఇంట్లోకి వచ్చి మిమ్మల్ని ఎత్తుకెళ్లారు. మీ తరఫున హైకోర్టులో పిటిషన్ పడింది. ఏ ఆధారంతో అరెస్టు చేశారని న్యాయస్థానం పోలీసులను నిలదీసింది. ఆ రోజు మీ వెనక ఒక పార్టీ ఉంది, లాయర్లున్నారు, టీవీ కెమెరాలున్నాయి. ఆ మూడూ లేని మనిషిని అదే వేళకు, అదే తీరున ఎత్తుకెళితే ఏమవుతుంది? ఈ లేఖ ఆ మనిషి గురించి.

ముందు మా పేటల సంగతి చెబుతాను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా, ఇటు అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్కు దాకా కాలినడకన తిరిగి రావచ్చు. ఈ కాస్త మేరలోనే ఆదిలాబాద్ నుంచి అలంపూర్ దాకా ఉన్న ఊళ్ల పిల్లలంతా కనిపిస్తారు. ఇరుకు గదుల హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే చోటు దొరక్కపోతే చెట్టు కిందే కుర్చీ వేసుకుని చదువుతారు. ఒక సాయంత్రం అక్కడ ఒక అమ్మాయి పాలిటీ పుస్తకంలో రాజ్యాంగం 22వ అధికరణం కింద పసుపురంగు పెన్నుతో గీత గీసుకుంటుంటే చూశాను. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, లాయర్‌ను పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. పెదవులు కదుపుతూ బట్టీ పడుతోంది. ఆ గ్రంథాలయంలో కూర్చున్నవాళ్లలో రేపు ఎస్ఐ అయ్యేవాళ్లు ఉన్నారు, డీఎస్పీ అయ్యేవాళ్లు ఉన్నారు. మన రాష్ట్రంలో రేపటి పోలీసులు మా వీధుల్లోనే తయారవుతున్నారు.

2023 ఎన్నికల ముందు మీ పార్టీ నాయకుడు రాహుల్ గాంధీ ఈ వీధులకే వచ్చి ఈ పిల్లలతోనే మాట్లాడారు. మరుసటి ఏడాది అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని, మెయిన్స్ ఎంపికలో రిజర్వేషన్లకు సంబంధించిన జీవో 29 రద్దు చేయాలని అడుగుతూ అభ్యర్థులు అశోక్‌నగర్‌లో రోడ్డెక్కితే పోలీసులు లాఠీలు ఎత్తారు. దొరికినవాళ్లను దొరికినట్టు లాక్కెళ్లి వ్యాన్లలోకి తోశారు. పరీక్ష ఆపాలా వద్దా అన్నది వేరే వివాదం. ఆపడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది, పరీక్ష జరిగింది. నేను అడుగుతున్నది లాఠీ గురించి. ఏ అధికారి ఆదేశించారు? చట్టప్రకారం ముందు హెచ్చరిక చేశారా? ఎంత మందికి దెబ్బలు తగిలాయి? ఆ రోజు వాడిన బలప్రయోగం మీద ఒక నివేదికైనా జనం ముందుకు వచ్చిందా? 22వ అధికరణం చదువుకున్న పిల్లలకు ఆ అధికరణం ఆచరణలో ఎలా ఉంటుందో మన పోలీసులు చూపించిన తీరు అది.

ఇందిరా పార్కు దగ్గరి ధర్నాచౌక్ చరిత్ర కూడా మీకు తెలిసిందే. 2017లో అప్పటి ప్రభుత్వం దాన్ని మూసేస్తే కాంగ్రెస్, వామపక్షాలు, తెలంగాణ జేఏసీ కలిసి మే 15న అక్కడికి కదిలాయి. మరుసటి ఏడాది హైకోర్టు జోక్యం చేసుకున్నాక గానీ అక్కడ మళ్లీ గొంతు వినిపించలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు లాఠీ తప్పుగా కనిపించి, అధికారంలోకి వచ్చాక శాంతిభద్రతలుగా కనిపిస్తే ఈ రాష్ట్రంలో పోలీసు వ్యవస్థ ఎప్పటికీ మారదు. అధికారంలో పార్టీ మారినా దెబ్బ తినేవాళ్లు మాత్రం మారడం లేదు.

మా పేటకు ఇంకో జ్ఞాపకం ఉంది. ఇక్కడికి కూతవేటు దూరంలో నల్లకుంట పోలీస్ స్టేషన్. 1978 మార్చి నెలాఖరులో ఒక రాత్రి సినిమా చూసి ఇంటికి వస్తున్న రమీజాబీని ఆ స్టేషన్ పోలీసులు పట్టుకెళ్లారు. ఆమె మీద పోలీసులే అత్యాచారం చేశారు. ఇదేమిటని అడిగిన భర్త అహ్మద్ హుసేన్‌ను కొట్టి చంపారు. ఆయన రిక్షా తొక్కే మనిషి. జనం శవాన్ని తీసుకుని స్టేషన్ ముందుకు వచ్చారు. నగరం అట్టుడికింది, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. పోలీసులు నేరం చేశారని కమిషన్ తేల్చింది. ఆ తర్వాత ఏమైంది? కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. విచారణ పొడుగునా బోనులో నిలబెట్టింది ఆమె నడవడికనే. ఇలాగే పోలీసుల అత్యాచారానికి గురైన మథుర కేసుతో పాటు ఈ కేసు కూడా దేశమంతటా మహిళలను కదిలించింది. 1983లో కస్టడీలో జరిగే అత్యాచారం మీద చట్టం మారింది. చట్టం మారడానికి కారణమైన మనిషికి మాత్రం న్యాయం దక్కలేదు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాళ్ల వివరాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో ప్రాణం పోగొట్టుకున్న మరియమ్మ దళితురాలు, చర్చి ఫాదర్ ఇంట్లో వంట చేసి బతికే మనిషి. దొంగతనం అన్నారు. ఆమెతో పాటు కొడుకునూ కొట్టారు. 2023 ఫిబ్రవరిలో మెదక్ పోలీసుల దెబ్బలకు ఖదీర్ ఖాన్ గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. గొలుసు దొంగతనం కేసులో సీసీటీవీలో కనిపించిన మనిషి పోలిక ఉందని పట్టుకెళ్లారు. రోజు కూలీ. అదే ఏడాది పంద్రాగస్టు రాత్రి ఎల్బీనగర్ స్టేషన్‌లో దెబ్బలు తిన్నది లంబాడా మహిళ. 2024లో షాద్‌నగర్ స్టేషన్‌లో బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద చిత్రహింసలు పడ్డది దళిత మహిళ. 2017లో సిరిసిల్ల దగ్గర నేరెళ్లలో ఇసుక లారీలు తగలబడ్డాక పోలీసులు కుళ్లబొడిచింది ఎక్కువగా దళిత యువకులనే. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లి హింసించింది పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను. కోర్టులో నిర్దోషులుగా తేలాక వాళ్లకు ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది.

దళితులు, లంబాడాలు, ముస్లింలు, కూలీలు, వంటమనుషులు. జూబ్లీహిల్స్ బంగళాలో నగ పోతే యజమాని కొడుకును ఎవరూ గోడకు నిలబెట్టి కొట్టరు. పనిమనిషిని కొడతారు. అందుకే దీన్ని ఒకరిద్దరు ఎస్ఐల దురుసుతనంగా చూసి వదిలేయలేం. ఎవరి ఒంటి మీద చెయ్యి వేసినా అడిగే నాథుడుండడో పోలీసులకు తెలుసు. ఆ తెలివిడి సమాజం ఇచ్చిందే.

పుట్టుకను బట్టి మనిషిని దొంగగా చూడటం మన నేల మీద ఒకప్పుడు చట్టం. 1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నేరస్త తెగల చట్టం కింద ఎరుకల, యానాది వంటి తెగలెన్నిటినో పుట్టుదొంగలుగా రాసేశారు. స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ అలా పుట్టిందే. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఊరవతల గుడారం వేసుకున్నవాళ్లను చూడగానే కానిస్టేబుల్ చెయ్యి లాఠీ మీదికి పోయే అలవాటు రద్దు కాలేదు. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో జైళ్లలో కులవివక్షను కొట్టేస్తూ, విముక్త తెగలవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయరాదని పోలీసులకు కూడా చెప్పింది. అదే ఏడాది మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, వెనకబడిన వర్గాల అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కించడం మీద అన్ని రాష్ట్రాలనూ ఆలోచించమంది. తెలంగాణ ఏం ఆలోచించింది? మన స్టేషన్లలో రౌడీషీట్లు, సస్పెక్ట్ షీట్లు ఎంత మంది మీద ఉన్నాయి, వాళ్లు ఏ బస్తీలవాళ్లు, ఎన్నేళ్లుగా ఏ కేసూ లేకపోయినా షీటు ఎందుకు తీసేయలేదు? కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారుజామున వందల మంది పోలీసులు చుట్టుముట్టేది ఎప్పుడూ బస్తీలనే. గేటెడ్ కమ్యూనిటీలో అలా తలుపులు తట్టిన రోజు ఒక్కటైనా ఉందా?

పోలీసుల చెయ్యి ఎప్పుడూ మా మీదికే ఎందుకు వస్తుందని అమెరికాలో నల్లజాతివాళ్లూ అడుగుతున్నారు. 2020 మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు అధికారి జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు వేసి చంపాడు. పోలీసులు మొదట విడుదల చేసిన ప్రకటనలో అది ఆరోగ్య సమస్యతో జరిగిన మరణమన్నట్టే రాశారు. ఒక పదిహేడేళ్ల అమ్మాయి తన ఫోన్‌లో తీసిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలేది. మన దగ్గర ప్రతి లాకప్ డెత్ తర్వాతా వినే మాటలు గుర్తుకొస్తాయి: ఛాతీలో నొప్పి అన్నాడు, ఫిట్స్ వచ్చాయి, బాత్‌రూంలో జారిపడ్డాడు. ఫ్లాయిడ్‌ను చంపిన అధికారికి ఇరవై రెండున్నరేళ్ల జైలు పడింది. ఫ్లాయిడ్ పేరుతో వచ్చిన పోలీసు సంస్కరణల బిల్లు 2021లో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. మన దగ్గర చిత్రహింసల నిరోధక బిల్లు 2010లో లోక్‌సభ దాటింది, ఆ తర్వాత మురిగిపోయింది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద 1997లో సంతకం చేసిన భారతదేశం దాన్ని ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

ఆ పోరాటం మనకు దూరంగా జరుగుతున్నది కూడా కాదు. 2023 జనవరి 23న సియాటెల్‌లో రోడ్డు దాటుతున్న మన ఆదోని అమ్మాయి జాహ్నవి కందులను పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్లు దాటకూడని వీధిలో అది 74 మైళ్ల వేగంతో వచ్చింది. ఆ రాత్రి ఇంకో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువేమీ లేదని, పదకొండు వేల డాలర్ల చెక్కు రాసిస్తే సరిపోతుందని అన్నాడు. ఆ మాటలు అతని ఒంటి మీదున్న కెమెరాలోనే రికార్డయ్యాయి. వాటిని గుర్తించి పైకి పంపింది అదే పోలీసు శాఖలో పనిచేసే ఉద్యోగి. విచారించింది ఆ నగరంలో పోలీసుల మీద ఫిర్యాదులు చూసే ప్రత్యేక కార్యాలయం. 2024 జూలైలో ఆ అధికారి ఉద్యోగం పోయింది. కారు నడిపిన అధికారి మీద పెద్ద క్రిమినల్ కేసు పెట్టడానికి ప్రాసిక్యూటర్ నిరాకరించారు గనుక పూర్తి న్యాయం జరిగిందని నేననను. కానీ ఆ నవ్వు బయటపడింది. ఆ కెమెరా, ఆ కార్యాలయం లేకపోతే ఆదోనిలోని ఆ తల్లికి ఆ సంగతే తెలిసేది కాదు.

జాహ్నవి కోసం తెలుగువాళ్లమంతా ఒక్క గొంతుతో న్యాయం అడిగాం. బాగుంది. మరియమ్మ కొడుక్కు, ఖదీర్ ఖాన్ భార్యకు సాక్ష్యం చెప్పే కెమెరా ఇక్కడ ఏది? సియాటెల్‌లో తెలుగుబిడ్డకు అడిగిన న్యాయం అడ్డగూడూరులో తెలుగుబిడ్డకు ఎందుకు అడగం?

నా వృత్తిలో చూసిన ఒక రాత్రి చెబుతాను. ఇళ్లలో పనిచేసే ఒక తల్లి పది దాటాక మా ఇంటి గేటు దగ్గరికి వచ్చింది. కొడుకును మఫ్టీలో ఉన్న ఇద్దరు బండి మీద ఎక్కించుకుపోయారట. ఏ స్టేషనో తెలియదు. ఫోన్ స్విచ్ఛాఫ్. ఆమెను వెంటబెట్టుకుని మొదటి స్టేషన్‌కు వెళితే గేటు దగ్గర సెంట్రీ, ఇక్కడెవరూ లేరు పొమ్మన్నాడు. రెండో స్టేషన్‌లో రైటర్ తలెత్తకుండానే రేపు పొద్దున రమ్మన్నాడు. మూడో స్టేషన్ మెట్ల దగ్గర ఆ తల్లి కాళ్లు ఆగిపోయాయి. అక్కడ విడిచిన చెప్పుల్లో తన కొడుకువి గుర్తుపట్టింది. లోపల అడిగితే అలాంటి పేరు లేదన్నారు. జనరల్ డైరీలో ఎంట్రీ లేదు, అరెస్టు మెమో లేదు. చెప్పులు చూపించాక, "ఊరికే మాట్లాడటానికి పిలిచాం మేడం, ఇప్పుడే పంపించేస్తున్నాం" అన్నారు. పిల్లాడు కుంటుకుంటూ బయటికి వచ్చాడు. కేసు లేదు, కాగితం లేదు. ఫిర్యాదు రాద్దామమ్మా అంటే ఆ తల్లి నా చేతులు పట్టుకుంది. "వద్దమ్మా, మేం ఈ బస్తీలోనే ఉండాలి కదా" అంది.

ఆమె భయానికి కారణం ఉంది. పోలీసుల మీద ఫిర్యాదు ఇవ్వాలంటే మళ్లీ పోలీసుల దగ్గరికే వెళ్లాలి. ఎస్ఐ మీద ఫిర్యాదును ఏసీపీ విచారిస్తారు. సంగతి పేపర్లో పడితే సస్పెన్షన్. గొడవ సద్దుమణిగాక చాలామంది ఇంకో చోట పోస్టింగ్‌లో కనిపిస్తారు. ఉద్యోగం నుంచి తీసేయడం దాకా వచ్చేవి ఏ కొన్నో. మరియమ్మ కేసులో ముగ్గురిని డిస్మిస్ చేశారంటే దాని వెనక పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, హైకోర్టు ఉన్నాయి. శవానికి రెండోసారి పోస్టుమార్టం చేయించడానికి కూడా కోర్టుకెక్కాల్సి వచ్చింది. ప్రతి తల్లీ హైకోర్టు దాకా వెళ్లలేదు.

విచిత్రమేమిటంటే ఆ తల్లిని కాపాడే ఆదేశాలన్నీ ఎప్పుడో వచ్చేశాయి. అరెస్టు మెమో, బంధువులకు కబురు, వైద్యపరీక్ష గురించి 1996లోనే డి.కె. బసు తీర్పు చెప్పింది. అరెస్టయినవాళ్ల పేర్లు ప్రతి స్టేషన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలని 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ చెబుతోంది. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది: అందులో నేర పరిశోధనను బందోబస్తు పని నుంచి వేరుచేయడం ఉంది, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీసు ఫిర్యాదుల అథారిటీ ఉంది. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్‌లో మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది. గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, ఏ మూలా వదలొద్దంది. ఇక్కడ కెమెరాలున్నాయని, హక్కులకు భంగం కలిగితే మానవహక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చని, ఫుటేజీని భద్రపరచమని అడిగే హక్కు బాధితులకు ఉందని స్థానిక భాషలో పెద్ద బోర్డు పెట్టమంది. అయిదేళ్ల తర్వాత, 2025లో, కెమెరాలు పనిచేయడం లేదన్న వార్తల మీద అదే కోర్టు మళ్లీ తనంతట తానే కేసు తీసుకోవాల్సి వచ్చింది.

మన నగరమంతా కెమెరాలే. చౌరస్తాలో, సందు మొదట్లో, కిరాణా కొట్టు ముందు. రోడ్డు మీద నడిచే మా ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ కూడా పోలీసుల దగ్గర ఉంది. దాన్ని ప్రశ్నిస్తూ హైకోర్టులో వ్యాజ్యం కూడా పడింది. మమ్మల్ని ఇన్ని కళ్లతో చూస్తున్న వ్యవస్థ, లాకప్ ముందు ఉన్న ఒక్క కన్ను సరిగ్గా ఆ రాత్రే పనిచేయలేదంటే జనం ఎలా నమ్ముతారు?

పోలీసులంతా దుర్మార్గులని నేను రాయడం లేదు. కొవిడ్ రోజుల్లో ప్రాణాలకు తెగించి పనిచేసిన కానిస్టేబుళ్లను చూశాం. అర్ధరాత్రి ఫోన్ చేస్తే మహిళల భద్రత చూసే షీ టీమ్ వచ్చి ఆదుకున్న అమ్మాయిలు మా హాస్టళ్లలోనే ఉన్నారు. ఆ కానిస్టేబుల్ బతుకూ మీరు చూడాలి. పొద్దున బందోబస్తు, మధ్యాహ్నం కోర్టు డ్యూటీ, రాత్రి గస్తీ, మధ్యలో పండగలు, వీఐపీ పర్యటనలు. దర్యాప్తు నేర్పే తీరిక లేదు. ఆధారాలు సేకరించే వనరులు లేవు. రికవరీ ఎక్కడని పైనుంచి ఒత్తిడి. ఆ ఒత్తిడి చివరికి దిగేది లాకప్‌లో ఉన్న మనిషి అరికాళ్ల మీద. అశోక్‌నగర్‌లో లాఠీ లేచిన ఆ అక్టోబరు నెలలోనే బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను చంకనేసుకుని, ఒకే పోలీసు విధానం కావాలని రోడ్డెక్కారు. జవాబుగా 39 మంది సిబ్బంది సస్పెన్షన్, పదిమంది ఉద్యోగాలు గల్లంతు. మాట్లాడే హక్కు లేని పోలీసు ఎదుటివాడి హక్కును గౌరవించడం ఎక్కడ నేర్చుకుంటాడు? సంస్కరణ వాళ్లకూ కావాలి.

ఇక జనంగా మా బాధ్యత. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారన్న దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపితే ఈ నగరం పూలు చల్లింది, మిఠాయిలు పంచింది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం తేల్చింది? పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యంగా లేదని, చంపాలనే కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలని. ఆ అమ్మాయికి జరిగిన ఘోరానికి కోర్టులో రుజువులతో శిక్ష పడాల్సింది. పడలేదు. అసలు దోషులెవరో చట్టబద్ధంగా తేలే దారి కూడా ఆ తూటాలతోనే మూసుకుపోయింది. తక్షణ న్యాయానికి చప్పట్లు కొట్టే జనానికి లాకప్‌లో జరిగే దాన్ని అడిగే నైతిక బలం ఉండదు. కన్నబిరాన్, బాలగోపాల్ వంటి పౌరహక్కుల న్యాయవాదులు జీవితమంతా ఇదే చెప్పారు. ఆ రోజుల్లో వాళ్ల మాట విన్నవాళ్లు తక్కువ. ఇకనైనా వినాలి.

ముఖ్యమంత్రి గారూ, నేను అడిగేవి ఇవి.

ఒకటి. చిక్కడపల్లి, నారాయణగూడ, దోమలగూడ, నల్లకుంట స్టేషన్లతో మొదలుపెట్టండి. గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లీషులో సుప్రీంకోర్టు చెప్పిన బోర్డు పెట్టించండి. ఏ కెమెరా పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు అన్న వివరం ప్రతి నెలా బయటపెట్టండి. కెమెరా పనిచేయని వేళ స్టేషన్‌లో ఎవరికి దెబ్బ తగిలినా దాని బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దేనని ఆదేశం ఇవ్వండి.

రెండు. పోలీసు ఫిర్యాదుల అథారిటీ అన్నది ప్రతి జిల్లాలో జనానికి కనిపించాలి. దానికి సొంత కార్యాలయం, సొంత దర్యాప్తు సిబ్బంది, ప్రతి స్టేషన్ గోడ మీద దాని ఫోన్ నంబరు ఉండాలి. సభ్యుల్లో దళితులు, ఆదివాసులు, ముస్లింలు, మహిళలు ఉండాలి. ఏటా దాని నివేదిక అసెంబ్లీ ముందుకు రావాలి. ఎన్ని ఫిర్యాదులు, ఎంతమంది మీద చర్య, బాధితులు ఏ వర్గాలవాళ్లు అన్నది అందులో ఉండాలి.

మూడు. రౌడీషీట్లు, సస్పెక్ట్ షీట్లు అన్నిటినీ రిటైర్డ్ న్యాయమూర్తి ఆధ్వర్యంలో తిరిగి పరిశీలించండి. పుట్టుకను, బస్తీని చూసి తెరిచిన షీట్లు మూసేయండి. ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ చెప్పిందన్న ఒక్క కారణం మీద ఎవరినీ స్టేషన్‌కు తీసుకురాకూడదు.

నాలుగు. స్టేషన్‌కు తీసుకొచ్చిన ప్రతి మనిషి పేరు, టైమూ జనరల్ డైరీలో ఎక్కాలి. "మాట్లాడటానికి పిలిచాం" అన్న మాట చెల్లకూడదు. కస్టడీలో మరణం జరిగితే ఆ జిల్లాకు సంబంధం లేని అధికారి దర్యాప్తు చేయాలి. మేజిస్ట్రేట్ విచారణ నివేదికను కుటుంబానికి ఇవ్వాలి. ముందస్తు అరెస్టుకు రాతపూర్వక కారణం ఉండాలి, లాఠీచార్జి జరిగిన ప్రతిసారీ నివేదిక బయటికి రావాలి.

అయిదు. దర్యాప్తు సిబ్బందిని బందోబస్తు నుంచి వేరుచేయండి. కానిస్టేబుల్‌కు వారానికొక సెలవు కాగితం మీద కాకుండా డ్యూటీ చార్టులో కనిపించాలి.

ఈ అయిదూ ఒక చట్టం కిందికి రావాలి. హైదరాబాద్ నగర పోలీసులు నేటికీ 1348 ఫస్లీ నాటి చట్టం కింద పనిచేస్తున్నారు. అది నిజాం జమానాలో, ప్రజలు రయ్యతులుగా ఉన్న రోజుల్లో రాసింది. ఎన్నో త్యాగాలు చేసి తెచ్చుకున్న రాష్ట్రం తన పౌరుల కోసం సొంత పోలీసు చట్టం రాసుకోవాలి. చిత్రహింసను అందులో స్పష్టంగా నేరంగా చెప్పాలి. ముసాయిదాను మూసిన గదిలో రాయకుండా జనం ముందు పెట్టాలి.

గ్రంథాలయంలో చదువుకుంటున్న పిల్లలు రేపు భుజాన నక్షత్రాలతో ఏదో ఒక స్టేషన్‌లో కూర్చుంటారు. వాళ్ల ముందుకు ఏదో ఒక రాత్రి దొంగతనం అనుమానం మీద ఒక వంటమనిషిని, ఒక కూలీని తెస్తారు. అప్పుడు వాళ్ల చేతిని ఆపేది ఏది? మంచితనం ఒక్కటే చాలదు. చుట్టూ ఉన్న వ్యవస్థ కూడా ఆపాలి. ఆ వ్యవస్థను కట్టే అధికారం ఇవాళ మీ సంతకంలో ఉంది.

ఈ లేఖ మీద మా పేటలవాళ్లం సంతకాలు సేకరిస్తున్నాం. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో జనం మధ్య చర్చ పెట్టబోతున్నాం. హోంశాఖ తరఫున జవాబు చెప్పగల అధికారిని ఒకరిని అక్కడికి పంపండి. మా ప్రశ్నలకు అక్కడే, అందరి ముందే సమాధానం చెప్పించండి. ఆ తర్వాత వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో బిల్లు పెట్టండి. మీ పార్టీ ఎమ్మెల్యేలనే కాదు, ప్రతిపక్షాల ఎమ్మెల్యేలను కూడా కలిసి ఓటు వేయమని అడిగే బాధ్యత మేం తీసుకుంటాం.

ఇట్లు,
చిక్కడపల్లిలో నివసిస్తున్న ఒక న్యాయవాది